వైట్ స్పాట్‌కు మందు లేదు, బ్లీచింగ్ లెక్క మాత్రం ఉంది

సంపాదకుల వారికి నమస్కారం.

వానాకాలం పంటకు గుంటలు సిద్ధం చేసే రోజులు దగ్గర పడితే చాలు, విడవలూరు నుంచి కొత్తపట్నం దాకా ఆక్వా మందుల షాపుల్లో ఒకటే మాట వినపడుతుంది: రొయ్యల వైట్ స్పాట్‌కు మందు వచ్చింది. డబ్బా మీద పేరు ఏటా మారుతుంది, లోపలి సరుకు పెద్దగా మారదు. పత్రికల జిల్లా పేజీల్లో ఆ మందుల ప్రకటనలూ వస్తున్నాయి, వాటి పక్కనే ‘వైరస్‌తో రొయ్య రైతు కుదేలు’ అనే వార్తలూ వస్తున్నాయి. ఈ రెంటి నడుమ రైతుకు తెలియాల్సిన సంగతి చాలా ఉంది కనుక ఈ ఉత్తరం. పొడుగైంది, మన్నించండి. చోటు చాలకపోతే ఎక్కడైనా కోయండి గానీ బ్లీచింగ్ లెక్క, సీడ్ (రొయ్య పిల్లల) పరీక్ష లెక్క మాత్రం కోయవద్దు.

వైట్ స్పాట్, అంటే తెల్లమచ్చ తెగులు, సోకిన గుంటను బాగుచేసే మందు ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడా లేదు. పరిశోధనలు లేక కాదు. 1992లో చైనా, తైవాన్ తీరాల్లో మొదలై, మర్నాటి ఏడు జపాన్‌కు, 1994 చివరికల్లా మన తూర్పు తీరానికి వచ్చిన వైరస్ ఇది. 1994-95లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల గుంటలను ఊడ్చేసింది ఇదే. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్లుగా దీని మీద పని జరుగుతూనే ఉంది. అయినా మందు ఎందుకు రాలేదో తెలిస్తే, షాపులో చెప్పే మాటల్లో దేన్ని నమ్మాలో దేన్ని వదలాలో రైతే తేల్చుకోగలడు.

ముందు యాంటీబయాటిక్‌ల సంగతి. అవి బ్యాక్టీరియా గోడను కట్టుకోనివ్వకుండా చేస్తాయి, లేదా అది ప్రొటీన్ తయారుచేసుకునే యంత్రాంగాన్ని ఆపుతాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ యంత్రాంగమూ లేదు. రొయ్య కణంలోకి దూరి, ఆ కణం సరంజామాతోనే తన పిల్లల్ని తయారు చేయించుకుంటుంది. అందుకని వైట్ స్పాట్ పడ్డ గుంటలో యాంటీబయాటిక్ వేస్తే వైరస్‌కు ఏమీ కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్‌ల జాడ దొరికిన కంటైనర్ మాత్రం రేవు నుంచి తిరిగొస్తుంది. పక్క రైతు ‘నేను వేశాను, ఆగింది’ అంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఆ గుంటలో ఉన్నది విబ్రియో అనే బ్యాక్టీరియా కావచ్చు. లేదా చావాల్సిన రొయ్యలు చచ్చి, మిగిలినవి నిలబడి ఉండొచ్చు. తెగులు తగ్గుముఖం పట్టే రోజున ఏ మందు వేసినా దానికే పేరొస్తుంది.

మనుషుల యాంటీవైరల్ మాత్రలు పొడిచేసి మేతలో కలపమనే సలహా కోవిడ్ తర్వాత కొత్తగా మొదలైంది. ఒసెల్టామివిర్ ఫ్లూ వైరస్‌లోని ఒక ఎంజైమును అడ్డుకునే మందు. ఫావిపిరావిర్ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తమ నకళ్లు తీసుకునే పనిని చెడగొడుతుంది. వైట్ స్పాట్ వైరస్ ఆర్‌ఎన్‌ఏది కాదు, రెండు పోగుల డీఎన్‌ఏది. సుమారు 3 లక్షల బేస్ జతలున్న పెద్ద వైరస్. కరోనా వైరస్ జన్యు సమాచారం అందులో పదో వంతు ఉంటుంది. ఒక వైరస్ కోసం చేసిన తాళంచెవి ఇంకోదానికి పట్టదు. డీఎన్‌ఏ వైరస్‌ల మందు సిడోఫోవిర్‌ను వెనామీ రకం రొయ్యల మీద ప్రయోగశాలలో పరీక్షించి, చావులు కొంత తగ్గాయని 2006 ప్రాంతంలో రాశారు. ఆ మందును ఎకరం గుంటకు లెక్కేస్తే అయ్యే ఖర్చు రొయ్యలు అమ్మినా రాదు. పైగా మనుషుల వైద్యానికే ఉంచుకోవాల్సిన మందుల జాబితాను యూరప్ సమాఖ్య 2022లో ప్రకటించింది. అందులో 18 యాంటీవైరల్ మందులున్నాయి, ఒసెల్టామివిర్, ఫావిపిరావిర్, రిబావిరిన్ అందులోవే. అలాంటివి మేతలో కలపడమంటే ఎగుమతి బేరాన్ని మన చేత్తో మనమే పోగొట్టుకోవడం.

‘మనుషులకు టీకా ఉంది, కోళ్లకు ఉంది, రొయ్యకు ఎందుకు లేదు?’ ఈ ప్రశ్న న్యాయమైనదే. మన ఒంట్లో ఒకసారి వచ్చిన సూక్ష్మజీవిని గుర్తుపెట్టుకుని, దానికి తగ్గ యాంటీబాడీలు తయారుచేసే ఏర్పాటు ఉంది. రొయ్యకు ఆ ఏర్పాటే లేదు. దాని రక్తకణాలు కనపడ్డ శత్రువునల్లా మింగడమో, నల్లటి మెలనిన్‌తో చుట్టేయడమో చేస్తాయి. ఆ పైన ఇంకో ఆయుధం ఉంది, పరిశోధనంతా ఇప్పుడు దాని చుట్టూనే తిరుగుతోంది. కణంలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే రొయ్య దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలతో సరిపోలే సందేశాలన్నిటినీ వెతికి నరికేస్తుంది. శాస్త్రవేత్తలు దీన్నే వాడుకున్నారు. వైరస్ పైపొర మీద వీపీ28 అనే ప్రొటీన్ ఉంటుంది. టైగర్ రొయ్య కణాల్లోని ర్యాబ్7 అనే ప్రొటీన్‌ను అది పట్టుకుంటుందని థాయ్‌లాండ్ పరిశోధకులు 2006లో చూపించారు. ఆ వీపీ28 జన్యువుకు సరిపోయే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను రొయ్యకు ఇంజెక్షన్ చేసి తర్వాత వైరస్ ఎక్కిస్తే చాలా రొయ్యలు బతికాయి. తమిళనాడు మేల్విషారంలోని అబ్దుల్ హకీం కాలేజీ వాళ్లు దాన్ని బ్యాక్టీరియాలో తయారుచేసి, మేతలో పెట్టి టైగర్‌కు తినిపించి కూడా రక్షణ వస్తోందని 2008లో ప్రచురించారు.

మరి గుంటకు ఎందుకు రాలేదు? ఎకరంలో లక్షకు పైగా రొయ్యలుంటే ఇంజెక్షన్ మాటే లేదు. మేతలో పెడితే నీళ్లలో నానేసరికి కొంత కరిగిపోతుంది, పేగుల్లో కొంత అరిగిపోతుంది, మిగిలింది కణం దాకా చేరాలి. రక్షణ వచ్చినా కొన్ని వారాలకే తగ్గిపోతుంది కనుక మళ్లీ మళ్లీ పెట్టాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఏమిటంటే, జబ్బు సోకిన రొయ్య మొదట మానేసేది మేతే. కాబట్టి ఇది ముందుజాగ్రత్తగా పనికిరావచ్చేమో గానీ చావులు మొదలయ్యాక వేసే మందు కాలేదు. చిటోసాన్ పూతలు, నానో రేణువులు, వీపీ28ను బ్యాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో పెట్టి ఇవ్వడం, ఇలా దారులు వెతుకుతున్నారు. ఈ పరిశోధనల పేర్లు డబ్బా మీద వేసుకున్నంత మాత్రాన ఆ సరుకు డబ్బాలోకి రాదు. విటమిన్ సి, బీటా గ్లూకాన్ లాంటివి రొయ్యకు కొద్ది రోజులు ఓపిక ఇస్తాయి, దాన్ని కాదనడం లేదు. వాటిని వైరస్ మందుగా అమ్మడాన్నే తప్పుపడుతున్నాం.

తట్టుకునే జాతి తయారుచేయడం ఇంకో దారి. 1999లో ఈక్వెడార్‌ను వైట్ స్పాట్ కుదిపేసింది. వాళ్లు బతికి బట్టకట్టిన రొయ్యల నుంచే తల్లి రొయ్యలను ఎంచుకుంటూ, ఎకరానికి తక్కువ పిల్లలు వేస్తూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చి ఈ రోజు మనకంటే ముందున్నారు. అయితే తట్టుకునే గుణం, ఎదుగుదల ఒకదానికొకటి ఎదురు నడుస్తాయని వెనామీ కుటుంబాల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. తొందరగా 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు) రావాలి, ఎకరాకు రెండు లక్షలు వేయాలి అనుకునే మన పద్ధతికి ఆ సీడ్ నచ్చదు. 2009 నుంచి మనం వాడుతున్నది ఎస్‌పీఎఫ్ వెనామీ. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా జబ్బులు లేని తల్లి నుంచి వచ్చిందని అర్థం, ఆ జబ్బులు రావని కాదు. ఈ తేడా చెప్పకుండా సీడ్ అమ్మేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

మన జిల్లాలకు బాగా పనికొచ్చే పరిశోధన నీటి వేడిది. నీళ్లు 32, 33 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే వైరస్ సోకిన వెనామీ కూడా చాలావరకు చావదు. 26 దగ్గరికి వస్తే అవే రొయ్యలు రోజుల్లో పోతాయి. వేడిలో వైరస్ చస్తోందని కాదు, దాని పెరుగుదల అణుగుతోంది. నీళ్లు చల్లబడగానే మళ్లీ లేస్తుంది. పెరూలోని తుంబెస్ తీరంలో ప్లాస్టిక్ కప్పు కింద గుంటలు పెట్టి వేడి నిలబెట్టుకుంటున్నారు. మనకు అంత పెట్టుబడి అక్కర్లేదు, క్యాలెండర్ చూసుకుంటే చాలు. నెల్లూరుకు వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. తుఫాను పట్టిన రెండు రోజుల్లో గుంటలో వేడి, ఉప్పదనం రెండూ ఒక్కసారి పడిపోతాయి. సీడ్ వేసి నెలా నెలన్నర అయిన గుంటలు సరిగ్గా ఆ రోజుల్లోనే దొరికిపోతాయి. అక్టోబరు రెండో వారానికి పట్టుబడి అయిపోయేలా సీడ్ తేదీని వెనక్కి లెక్కపెట్టుకోవడం ఏ డబ్బా మందుకన్నా ఎక్కువ కాపాడుతుంది. నవంబరులో తప్పక వేయాల్సి వస్తే నీళ్లు ఐదడుగులకు తగ్గకుండా నిలపాలి. లోతు తక్కువైతే రాత్రికీ పగలుకీ వేడి ఊగిసలాట ఎక్కువ.

ఇక ఈ వైరస్ మోసేవాళ్లు. తొంభైకి పైగా కీళ్లకాళ్ల జీవుల్లో దీన్ని గుర్తించారు. రొయ్యకు సోకితే మూడు నుంచి పది రోజుల్లో గుంట ఖాళీ. మండపీత మాత్రం ఒంట్లో వైరస్ పెట్టుకుని నెలల తరబడి హాయిగా తిరుగుతుంది. గట్టు బొరియల్లోని ఎండ్రకాయలు, ఉప్పుటేరు నీళ్లతో వచ్చే సన్నరొయ్యలు, కోపిపాడ్లు అనే అతి చిన్న నీటి జీవులు, బురదలోని పాలీకీట్ పురుగులు కూడా మోతగాళ్లే. హేచరీల్లో తల్లి రొయ్యలకు బయటి నుంచి తెచ్చిన పాలీకీట్ పురుగులు పరీక్ష లేకుండా మేపడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. కొంగలు, నీటికాకుల మీద అనుమానం సగమే నిజం. పక్షి కడుపులోంచి దాటి వచ్చిన వైట్ స్పాట్ వైరస్‌కు సోకే శక్తి ఉండడం లేదని 2004లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ముప్పు రెట్టతో కాదు, పక్క గుంటలోంచి ముక్కున కరుచుకొచ్చి మన గుంటలో జారవిడిచే చచ్చిన రొయ్యతో. పైన దారాలు కట్టడం అందుకే. ఎండ్రకాయల కంచెకు వల కంటే నున్నటి ప్లాస్టిక్ షీటు మేలు, వలను అవి ఎక్కేస్తాయి. అడుగున్నర ఎత్తు పైకి, అరడుగు మట్టిలోకి ఉండాలి. ఎండ్రకాయలను చంపడానికి పురుగుమందు పోయడం తెలివితక్కువ పని. కీళ్లకాళ్ల జీవిని చంపే మందు రొయ్యనూ వదలదు, అవశేషమూ పోదు.

బ్లీచింగ్ (బ్లీచింగ్ పౌడర్ చల్లి నీటిలోని మోతగాళ్లను చంపడం) దగ్గర జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. అందుకే లెక్క విడమరిచి చెబుతున్నాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాలుగడుగుల నీళ్లు పెడితే సుమారు 4,930 ఘనపు మీటర్లు. రిజర్వాయర్ నీటికి చెప్పే మోతాదు 60 పీపీఎం, అంటే ఘనపు మీటరుకు 60 గ్రాములు. గుణిస్తే 296 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు పన్నెండు. ఎకరానికి మూడు నాలుగు బస్తాలు చల్లి ‘బ్లీచింగ్ కొట్టాం’ అనుకుంటే నీళ్లు తెల్లగా కనిపిస్తాయి, నాలుగు చేపలు తేలతాయి, మోతగాళ్లు మాత్రం బతికే ఉంటారు. పైన చెప్పిన మోతాదు 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా సరుకుకు. గోడౌన్‌లో వేసవంతా పడి ఉన్న బస్తాలో అది సగమూ ఉండకపోవచ్చు. ఘాటు వాసన తగ్గి ముద్దకట్టిన బస్తా వెనక్కి ఇచ్చేయండి.

సున్నం, బ్లీచింగ్ ఒకే రోజు వేయడం మామూలైపోయింది. పీహెచ్ పెరిగేకొద్దీ బ్లీచింగ్ చురుకు తగ్గుతుంది. ముందు బ్లీచింగ్ వేసి, దాని పని పూర్తయ్యాకే సున్నం. ఎండలో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది కనుక పొద్దువాలాక చల్లి, ఏరియేటర్లు తిప్పి నీళ్లంతా కలపాలి. బురద, నాచు ఎక్కువున్న నీళ్లలో క్లోరిన్ వాటి మీదే ఖర్చైపోతుంది. ముందు నీళ్లు తేరనిచ్చి, తర్వాత వేయాలి. బొరియల్లో విడిగా పోయాలి, లేకపోతే లోపలున్న ఎండ్రకాయకు సెగ కూడా తగలదు. మర్నాడు ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూస్తే నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే పసుపు రంగు వస్తుంది. మొదటి ఉదయానికే రంగు రాలేదంటే మోతాదు చాలలేదని అర్థం. నాలుగైదు రోజులు ఆగి, రంగు పూర్తిగా పోయాకే సీడ్. తొందరుంటే క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ ఉంది గానీ, ఆ నాలుగు రోజుల ఆగడంలోనే ఇంకో లాభముంది. మోతగాడు లేకుండా ఊరికే గుంట నీళ్లలో తేలే వైరస్ మూడు నాలుగు రోజులకు మించి సోకే శక్తి నిలుపుకోదు. మోటారుకు 60 మెష్ వడపోత సంచులు కడుతూనే ఉన్నారు. వాటికి చిరుగులు పడ్డాయేమో తిప్పి చూసేవాళ్లు తక్కువ. ఒక్క బొటనవేలంత చిరుగు చాలు, కట్టిన సంచి కట్టనట్టే.

గుంట అడుగు సంగతి. చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఎండబెట్టిన అడుగు మట్టిలో వైరస్ 19 రోజుల దాకా, నీళ్లు పూర్తిగా తీయలేని గుంటల్లో 35 రోజుల దాకా రొయ్యకు సోకే స్థితిలోనే ఉంది. తెగులు పడిన గుంటను పదిహేను రోజుల్లో మళ్లీ నింపేవాళ్లు ఈ రెండు అంకెలు గోడ మీద రాసుకోవాలి. కండలేరు, బకింగ్‌హాం కాలువ పక్కన పల్లపు గుంటల్లో నడుమ ఊట ఆరదు. అక్కడ నెర్రెలు గట్టు పక్కనే పడతాయి, నడుమ కాలు పెడితే దిగబడుతుంది. అలాంటి గుంటకు 35 రోజుల లెక్కే వర్తిస్తుంది, లేదా ఆ తడి భాగానికి విడిగా బ్లీచింగ్ వేయాలి.

సీడ్ పరీక్ష. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష రిపోర్టులో ‘నెగెటివ్’ అని ఉంటే రైతుకు గుండె నిబ్బరం. ఆ నెగెటివ్ ఎన్ని పిల్లల మీద వచ్చిందో అడిగేవాళ్లు అరుదు. ట్యాంకులో 100కు రెండు పిల్లలకు వైరస్ ఉంటే, 150 పిల్లల్ని తీసినప్పుడు కనీసం ఒకటైనా శాంపిల్‌లో పడే అవకాశం 95 శాతం. 200కు ఒక్క పిల్లకే ఉంటే అదే 150 పిల్లల శాంపిల్ ఇంచుమించు సగం సార్లు తప్పిపోతుంది. 200కు ఒకటి చిన్న సంఖ్య అనిపిస్తుందేమో గానీ, ఎకరానికి లక్ష పిల్లలు వేస్తే 500 మోతగాళ్లు గుంటలోకి దిగినట్టు. 20 పిల్లలతో చేసిన పరీక్ష కాగితం పరీక్ష మాత్రమే. ఏ ట్యాంకు సీడ్ కొంటున్నామో ఆ ట్యాంకు నుంచే, మన కళ్ల ముందు తీయించాలి. నీళ్లను చేత్తో సుడి తిప్పితే నడుమకు చేరే నీరసపు పిల్లలనే ఎక్కువ తీసుకోవాలి, వైరస్ ఉంటే వాటిలోనే ఉంటుంది.

శాంపిల్ పాడుచేసుకునే తీరు కూడా చెప్పాలి. పీసీఆర్‌కు 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి, రొయ్యకు పదింతలు ఆల్కహాల్ ఉండాలి. ఫార్మలిన్‌లో నిల్వ వేసి తెస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది, ఉన్న వైరస్ కూడా కనపడదు. పెద్ద పిల్లలకు కళ్లు తీసేసి తల భాగం వాడాలి, కంటి రంగు పదార్థం పరీక్షకు అడ్డుపడుతుంది. పెరిగిన రొయ్య అయితే మొప్పలు, ఈత కాళ్లు పంపండి. హెపటోపాంక్రియాస్ (రొయ్య జీర్ణగ్రంథి) గొట్టాల కణాల్లో ఈ వైరస్ పెరగదు. ఈహెచ్‌పీకేమో అదే కావాలి. ఈహెచ్‌పీ వైరస్ కాదు, మైక్రోస్పోరిడియా జాతి పరాన్నజీవి. రెండు పరీక్షలూ కావాలంటే రెండు సీసాలు వేరుగా తేవాలి. ఒక్క హెపటో ముక్క తెచ్చి ‘వైట్ స్పాట్ కూడా చూడండి’ అంటే వచ్చే నెగెటివ్‌కు విలువ లేదు.

ఈ మధ్య మళ్లీ టైగర్ వేసేవాళ్లు ఇంకో చిక్కు తెలుసుకోవాలి. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే మరో వైరస్ ముక్కలు కొన్ని టైగర్ రొయ్యల సొంత జన్యువుల్లోనే అతుక్కుపోయి తరతరాలుగా వస్తున్నాయి. పాత ప్రైమర్లతో (పీసీఆర్‌లో వెతికే జన్యు భాగాన్ని పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పరీక్షిస్తే అది జబ్బు కాకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. ఆ తేడా పట్టే 309 ప్రైమర్ వాడారా అని ల్యాబ్‌ను అడగండి. ఇలాంటి ముక్కలే ఒక్కోసారి రొయ్యకు రక్షణ ఇస్తాయన్నది థాయ్‌లాండ్‌లో టిమోతీ ఫ్లెగెల్ చాన్నాళ్లుగా చేస్తున్న వాదన. వైరస్‌తో సర్దుకుపోయి బతికే రొయ్య జాతుల మీద అక్కడ పని సాగుతోంది. రొయ్య, వైరస్‌ల సంబంధం గురించి మాకు తెలిసినంతలో ఇంతకన్నా ఆసక్తికరమైన ఆలోచన లేదు. గుంట దాకా రావడానికి మాత్రం టైం పడుతుంది.

తెగులు గుర్తుపట్టే దగ్గర మచ్చ కోసం ఎదురుచూడొద్దు. టైగర్‌లో తల డిప్ప లోపలి వైపు అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల తెల్ల చుక్కలు స్పష్టంగా ఉంటాయి. వెనామీలో చాలాసార్లు చుక్కలు కనపడకముందే చావులు మొదలవుతాయి. అసలు సంకేతం చెక్ ట్రేలో, అంటే మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో, ఉంటుంది. మేత ఒకటి రెండు రోజులు మామూలు కంటే ఎక్కువ లాగి, ఉన్నట్టుండి మిగిలిపోతుంది. పొద్దున్నే నాలుగైదు రొయ్యలు గట్టు వార నీరసంగా తిరుగుతాయి, పట్టుకుంటే డిప్ప వదులుగా కదులుతుంది, ఒళ్లు ఎర్రబారి ఉంటుంది. చుక్కలు ఉన్నంత మాత్రాన కూడా వైరసే అనుకోనక్కర్లేదు. పీహెచ్, ఆల్కలినిటీ బాగా ఎక్కువైన నీళ్లలోనూ, కొన్ని బ్యాక్టీరియాల వల్లా చుక్కలు పడతాయి, ఆ గుంటల్లో రొయ్య మేత తింటూనే ఉంటుంది. పీసీఆర్ తేల్చేదాకా విసురువల గుంటలోంచి గుంటలోకి తిప్పొద్దు.

పాజిటివ్ వచ్చిందా, ఆ రోజు చేయాల్సింది మందు వెతకడం కాదు. అమ్ముడుపోయే కౌంట్ ఉంటే అదే రోజు వల వేసి పట్టేయాలి, తూము తీసి కాదు. చచ్చిన రొయ్యను బతికిన రొయ్య తినడమే వైరస్ పాకే ముఖ్యమైన దారి, కాబట్టి ఒక్కో పూట ఆలస్యం గుంటలోని సరుకును తగ్గిస్తుంది. ఈ వైరస్ మనుషులకు సోకదు, ఆ రొయ్య తినడానికి భయం లేదు. కౌంట్ లేకపోతే నీళ్లు కదలనీయకుండా బ్లీచింగ్ వేసి, చచ్చినవాటిని తీసి సున్నంతో పూడ్చి, వారం ఆగి, క్లోరిన్ లేదని చూసుకున్నాకే నీళ్లు వదలాలి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనలు కూడా తెగులు నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదనే చెబుతున్నాయి.

చాలా చోట్ల జరుగుతున్నది మాత్రం అర్ధరాత్రి తూము లేపడం. దీనికి రైతును ఒక్కడినే తిట్టి లాభం లేదు. తెగులు పడిందని తెలిస్తే కొనేవాడు రేటు కోస్తాడు, లీజు యజమాని మొహం మారుస్తాడు, అప్పిచ్చిన మేత డీలరు ఇంటికొస్తాడు. అందుకే దాస్తాడు. ఆ ఏటినుంచే కింది రైతు పొద్దున్నే మోటారు వేస్తాడు. ఒకే ఉప్పుటేరు మీద ఆధారపడ్డ గుంటలన్నిటికీ సీడ్ తేదీలు పది రోజుల అటూ ఇటూగా ఒకటే పెట్టుకోవడం, ఎవరి గుంటలో తెగులు వచ్చినా ఏటి పొడుగునా గంటలో తెలిసేలా ఒక వాట్సాప్ గ్రూపు నడుపుకోవడం, అది విన్నవాళ్లు వారం మోటార్లు ఆపడం, వీటికి రూపాయి ఖర్చు లేదు. చెప్పినవాడికి రేటు కోయకుండా చూసే పూచీ మత్స్యశాఖ తీసుకోకపోతే ఆ గ్రూపులో ఎవరూ నోరు తెరవరు. అధికారులకు మా మొదటి విన్నపం ఇదే: తెగులు చెప్పిన రైతు సరుకు ఆ రోజు కౌంట్ ధరకే పోయే ఏర్పాటు చేయండి. రెండోది, పీసీఆర్ రిపోర్టు మీద ట్యాంకు నంబరు, పిల్లల సంఖ్య, ఏ భాగం పరీక్షించారు, శాంపిల్ ఎవరు తీశారు అనే నాలుగు గడులు తప్పనిసరి చేయండి. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల పక్కనే ఉంది, నమూనా రాయించడం రెండు రోజుల పని.

మీకు కూడా ఒక మనవి. ‘వైరస్‌కు శాశ్వత పరిష్కారం’ అనే ప్రకటన వచ్చినప్పుడు లోపల ఏ పదార్థం ఎంత శాతం ఉందో అచ్చు వేయమని ప్రకటనదారుణ్ని అడగండి. చెప్పకపోతే వేయకండి. జిల్లా పేజీలో రోజూ వేసే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల పక్కన అక్టోబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున ఐదింటికి గుంట నీటి వేడి ఎంత ఉందో, కండలేరు వైపు ఒకటి, కొత్తపట్నం వైపు ఒకటి, రెండు అంకెలు వేయగలిగితే వేయండి. కొలిచి పంపే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఆక్వా ల్యాబ్ సాంకేతిక సిబ్బంది,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా